సమస్యాపూరణం: తిరుగలేదు గుండు తిరిగె ధరణి

నిర్వాహకుడు:
మా మనవడి భౌతికశాస్త్ర పుస్తకంలో లోలకం బొమ్మ కింద "గుండు" అన్న మాట చూసిన రోజు నుంచి ఈ పాదం నా నాలుక మీదే ఆడుతున్నది. లోలకాన్ని విడిచిపెట్టని పూరణలే పంపండి. తలనీలాలూ తిరుపతి గుండ్లూ ఈసారి వద్దు.

గోదారిగట్టు:
పాంథియానులోన బరువైన గుండును
వేలగట్టి ఫూకొ వింత జూపె
ఇసుకమీద గీత యించుక జరుగగా
తిరుగలేదు గుండు తిరిగె ధరణి

1851లో పారిస్‌లోని పాంథియాన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును కట్టి, భూమి తిరుగుతున్నదని చూపడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకో ఊగించాడు. గుండు కింద ఉన్న ములుకు ప్రతి ఊపుకూ ఇసుకను కొద్దిగా పక్కన కోస్తూ పోయిన దృశ్యాన్నే మూడో పాదంలో పెట్టాను.

చుక్కలదారి:
"ఇసుకమీద గీత యించుక" అన్నచోట కళ్లెదుట ములుకు కదిలింది, అందుకు గోదారిగట్టు గారికి నా అభినందనలు. అయితే "జూపె" తరువాత "ఇసుక"ను విసంధిగా వదిలేశారు. "జూపె నిసుకమీద" అని ఉండాలి.

అంతకంటె పెద్ద చిక్కు అర్థంలో ఉంది. గుండు నిజంగా తిరగకపోతే, భూమి ఒక రోజులో చుట్టు తిరిగేసరికి గీతలు కూడా చుట్టు పూర్తి చేయాలి. పారిస్‌లో దానికి దాదాపు 32 గంటలు పడుతుంది, ఎందుకంటే భూమి తిరుగుడులో అక్షాంశపు సైను మేరకే, అంటే భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ తక్కువగా, అక్కడి లోలకానికి తెలుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర గీత అసలే జరగదు. కాబట్టి ఈ సమస్యాపాదం అక్షరాలా నిజమయ్యే చోటు ధ్రువం ఒక్కటే.

ధ్రువమునందు వ్రేలు దొడ్డదౌ గుండది
చుక్క దిక్కు జూచు చూపు విడదు
జాము లెనిమిదింట జక్రమ్ము నిండెను
తిరుగలేదు గుండు తిరిగె ధరణి

గోదారిగట్టు గారి పద్యంలో ధార ఎప్పుడూ బాగుంటుంది, కొలత దగ్గరే జారుతుంది. గడియారం మీద ఇచ్చిన సమస్యకు వారు రాసిన "బరువు పెరుగ గంట భారమాయె" నాకింకా గుర్తుంది. గుండు బరువు పెరిగినంత మాత్రాన గడియారం నెమ్మదించదు. లోలకం పొడవూ, ఆ చోటి గురుత్వమూ మారితేనే కాలం మారుతుంది. 1672లో రిషే అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు పారిస్‌లో సరిచేసిన గడియారాన్ని దక్షిణ అమెరికాలోని కాయెన్‌కు తీసుకుపోతే, అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. గుండు అదే, బరువు చేర్చినవారెవరూ లేరు; భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ గురుత్వం తగ్గింది. ఆయన లోలకాన్ని కాస్త పొట్టి చేసి లెక్క సరిచేశాడు.

గోదారిగట్టు:
సంధి విషయంలో చుక్కలదారి గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను, "జూపె నిసుకమీద" అని దిద్దుకున్నాను. పాత పాదం కూడా తప్పే. మా పాత గోడ గడియారం వేసవిలో వెనకబడితే, మా నాన్నగారు గుండు కింది మరను అర చుట్టు బిగించి గుండును పైకి జరపడం చిన్నప్పుడు రోజూ చూసి కూడా అలా రాశాను. ఎండకు కడ్డీ సాగితే లోలకం పొడవవుతుంది, అదే అసలు కారణం.

ఇక వారి పద్యంలో ఒక్క మాట. రెండో పాదంలో చుక్కను సాక్షిగా పిలిచారు, మూడో పాదంలో ఎనిమిది జాములని సూర్యుడి లెక్క చెప్పారు. చుక్కల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలే పడుతుంది. ఎనిమిదో జాము ముగియడానికి నాలుగు నిమిషాల ముందే చక్రం నిండుతుంది.

చుక్కలదారి:
ఆ నాలుగు నిమిషాలూ నావే. ఛందస్సు కోసం జామును వాడాను కాని, చుక్కను పిలిచిన తరువాత అలా వాడకూడదు.

పాతబస్తీ:
చేత దోయకుండ జివర దారము గాల్చి
మెల్ల విడువ నూగె మెలిక లేక
యెనుబదైన గంటలీ యూర బట్టును
తిరుగలేదు గుండు తిరిగె ధరణి

హైదరాబాద్ అక్షాంశానికి లెక్క కడితే పూర్తి చుట్టుకు సుమారు 80 గంటలు, అంటే గంటకు నాలుగున్నర డిగ్రీలు వస్తుంది. మా నాలుగంతస్తుల ఇంటి మెట్ల మధ్య ఖాళీలో ఇనుప గుండును వేలాడదీసి నా అంతట నేను ప్రయత్నించాను. మొదటిసారి చేత్తో నెట్టగానే అది కోడిగుడ్డు ఆకారంలో తిరగసాగింది. రెండోసారి ఫూకో చేసినట్లే గుండును పక్కకు లాగి దారంతో కట్టి, అది పూర్తిగా నిలకడ పడ్డాక దారాన్ని అగ్గిపుల్లతో కాల్చాను. గంట గడిచేసరికి ఊపు సన్నగిల్లినా, నేల మీది సుద్దగీతకూ గుండు దారికీ మధ్య సన్నని కోణం కనిపించింది.

నిర్వాహకుడు:
ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలో 22 మీటర్ల ఎత్తున వేలాడే 36 కిలోల లోలకం చుట్టు తిరగడానికి దాదాపు 50 గంటలు తీసుకుంటుంది. భూమధ్యరేఖకు ఇంకా దగ్గరగా ఉన్న హైదరాబాద్‌లో అంతకంటె ఎక్కువే పట్టాలి కాబట్టి, పాతబస్తీ గారి ఎనభై గంటల లెక్క సరిగ్గానే సరిపోయింది. ధ్రువంలోని పద్యం తర్కానికి నిలిచినా, నా ఓటు మెట్ల మధ్య ఊగిన గుండుకే.

చుక్కలదారి:
నా ఓటూ దానికే. చేత్తో నెట్టిన గుండు ఎందుకు పనికిరాదో "మెలిక లేక" అన్న రెండు మాటల్లో చెప్పిన పూరణ అది. అయితే ఎనభై గంటలు పట్టే ఊరిలో నాలుగో పాదం పూర్తిగా నిజం కాదన్న నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.