సగం ఖాళీ ఆఫీసు, నిండా కరెంటు బిల్లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (భీమవరం నుంచి)

అందరికీ నమస్కారం. మాది చిన్న సాఫ్ట్‌వేర్ సర్వీసుల ఆఫీసు. రెండంతస్తులు, 80 సీట్లు. కరోనా తర్వాత సగానికి పైగా జనం ఆకివీడు, ఉండి, వీరవాసరం వైపు ఇళ్ల నుంచే పని చేసుకుంటున్నారు. రోజూ వచ్చేది పాతిక మంది, మహా అయితే ముప్పై. ఆఫీసు నిండుగా ఉన్న రోజుల్లో నెలకి 5,000 యూనిట్లు కాలేది, ఇప్పుడు కూడా 4,200కి తగ్గట్లేదు. పైగా ఒక క్లయింటు మా కార్బన్ లెక్క అడిగాడు, ఆ ఫారం నా నెత్తిన పడింది. పై అంతస్తు మూసేద్దామంటే చెమ్మ భయం. పోయిన వర్షాకాలం ఒక గదికి తాళం వేస్తే కుర్చీల మీద తెల్లగా బూజు పట్టేసింది.

జవాబు (కాకినాడ, ఎలక్ట్రికల్ పని చేస్తాను)

ఏసీలు మార్చే ఆలోచన పక్కన పెట్టండి. రేపు సాయంత్రం అందరూ వెళ్లాక మీటర్ రీడింగ్ ఫోటో తీయండి, పొద్దున తాళం తీయగానే ఇంకో ఫోటో. తేడా ఎంతో ఇక్కడ పెట్టండి. మనిషి లేనప్పుడు కాలే కరెంటు ఎంతో తెలియకుండా ఏం చెప్పినా గాల్లో మాటే.

జవాబు (రాజమహేంద్రవరం)

ఇంత తిప్పలెందుకండీ, మేడ మీద సోలార్ పెట్టించేయండి. గొడవ వదిలిపోతుంది.

జవాబు (కాకినాడ)

పెట్టించుకోవచ్చు, కానీ తర్వాత. కుండకి చిల్లు ఉండగా ఇంకో బిందె నీళ్లు పోస్తే ఏం లాభం? వాడకం తగ్గాక ఎన్ని ప్యానెళ్లు కావాలో చూసుకుంటే ఖర్చూ తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా 31 యూనిట్లు! లోపల వాచ్‌మన్ కూడా ఉండడు.

జవాబు (కాకినాడ)

ఆయ్, అదేనండీ. 13 గంటలకి 31 యూనిట్లంటే రాత్రంతా దాదాపు 2,400 వాట్లు నడుస్తున్నట్టు. మన దేశంలో గ్రిడ్ కరెంటుకి యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క వేస్తారు. అంటే ఒక్క రాత్రికి 22 కిలోలు, ఎవరూ ఒక్క అక్షరం టైప్ చేయకుండా.

సర్వర్ గది ఏసీ 18లో ఉందా? 24 మీద పెట్టండి, మామూలు ర్యాక్‌కి సరిపోతుంది. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల లెక్క. తర్వాత యూపీఎస్ చూడండి. 80 సీట్లకి కొన్న పెద్ద ‘ఆన్‌లైన్’ రకం యూపీఎస్ (కరెంటు ఎప్పుడూ దాని గుండానే వెళ్తుంది) పాతిక కంప్యూటర్ల కోసం ఆన్‌లో ఉంటే, అది తన ఒంటికే కొన్ని వందల వాట్లు తినేస్తుంది. అదంతా వేడిగా మారుతుంది, ఆ వేడిని మళ్లీ ఏసీ లాగాలి. వాటర్ కూలర్లు, బయటి బోర్డు లైట్లకి టైమర్ పెట్టించండి. ఆ టైమర్‌కి పెద్ద ఖర్చేం కాదు.

అన్నిటికంటే పెద్ద పని మనుషుల్ని ఒక పక్కకి చేర్చడం. ఎవరికి నచ్చిన మూల వాళ్లు కూర్చుంటే పాతిక మందికీ ఎనిమిది ఏసీలు నడుస్తాయి. పది మంది పైన, పదిహేను మంది కింద ఉంటే ఆఫీసు సగం ఖాళీ అయినా కరెంటుకి మాత్రం నిండుగా ఉన్నట్టే.

జవాబు (అమలాపురం)

చెమ్మ గురించి నేను చెప్తాను, మాదీ సగం మూసిన ఆఫీసే. మొదట్లో మేమూ మీలాగే తాళం వేసి తప్పు చేశాం. ఒక పక్క 20లో ఏసీ, అవతల పక్క మూసిన గది, మధ్యలో గాజు పార్టిషన్. శ్రావణంలో చూస్తే మూసిన గది వైపు గాజుకి చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టినట్టు చెమట! ఆ నీరు కారి కింద కార్పెట్ నానింది, బూజు అక్కడే మొదలైంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చల్లటి గోడ కనబడితే చాలు నీరైపోతుంది.

అందుకని వాడే వైపు ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేసుకున్నాం, చెమట దాదాపు ఆగింది. మూసిన వైపు కార్పెట్ తీయించేశాం. బీరువాలు గోడకి నాలుగు వేళ్లు దూరంగా జరిపాం. ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే రకం) అన్నిటికంటే తక్కువ స్పీడులో తిరుగుతూ ఉంటుంది, కొద్ది వాట్లే. ముసురు పట్టిన వారంలో రోజు విడిచి రోజు ఒక గంట ఏసీని తేమ లాగే డ్రై మోడ్‌లో వేస్తాం. రెండు వర్షాకాలాలు గడిచాయి, ఫైళ్లు బాగున్నాయి.

జవాబు (కాకినాడ)

ఈ గాజు సంగతి నాకూ తట్టలేదు, బాగా చెప్పారండీ.

భీమవరం గారూ, మీటర్ బటన్ నొక్కితే ఎండీ అని ఒక అంకె వస్తుంది, అది రాసుకోండి. ఒకేసారి మీరు లాగిన గరిష్ఠ లోడ్ అది. దానికంటే మీ కాంట్రాక్ట్ లోడ్ (కనెక్షన్‌కి రాయించుకున్న లోడ్) బాగా ఎక్కువుంటే, వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ కడుతున్నట్టే. తగ్గించమని డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) ఆఫీసులో అర్జీ పెట్టొచ్చు. కానీ తొందరపడకండి, ఏప్రిల్, మే అంకెలు చూశాక పెట్టండి. బాగా తగ్గించేసి ఎండల్లో దాటితే మళ్లీ అదనంగా కట్టాలి.

క్లయింటు ఫారంలో జనరేటర్ డీజిల్ కూడా రాయండి. లీటరుకి సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. పెద్ద జనరేటర్ తక్కువ లోడ్ మీద నడిస్తే యూనిట్‌కి డీజిల్ ఎక్కువ తాగుతుంది.

ప్రశ్న అడిగినవారు (మూడు వారాల తర్వాత)

మీటర్‌లో ఎండీ అంటే మొదట మా ఎండీ గారి గురించి అనుకున్నాను, క్షమించాలి! అందరినీ కింది అంతస్తుకి దించాం. రాత్రి వాడకం 31 నుంచి 14 యూనిట్లకి వచ్చింది. చిన్న యూపీఎస్ ఇంకా రాలేదు, వస్తే మరికొంత తగ్గాలి. పైన ఫ్యాన్ తిరుగుతోంది, ప్రస్తుతానికి బూజు లేదు.

ఒక్కాయన మాత్రం పై అంతస్తులో కాలువ కనిపించే కిటికీ పక్క సీటు వదలనంటున్నాడు. ఏసీ ఇవ్వం, ఫ్యాన్ మాత్రమే అని చెప్పాం. మొన్న మధ్యాహ్నం దాకా చొక్కా తడిసిపోతున్నా అక్కడే కూర్చున్నాడు, నిన్న తనే కుర్చీ మోసుకుని కిందికి వచ్చాడు.