‘టైరంట్’ని ఏమందాం: దొరా, నియంతా, నిరంకుశుడా?

నల్లగొండ:
అందరికీ నమస్తే. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను, కాస్త సాయం పట్టండి.

మావాడు ఎనిమిదో తరగతి. మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక పాత గ్రీన్ లాంతర్ కామిక్ కొన్నాడు. బొమ్మలు మింగేస్తాడు కానీ ఇంగ్లీషు సగం వదిలేస్తాడు. అందుకని రాత్రి అన్నాలయ్యాక నేను తెలుగులో చెప్తుంటే, మాటల బుడగల పక్కన పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. తెలియనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: విశ్వాన్ని 3600 సెక్టార్లుగా పంచుకుని కాపలా కాసే దళం ఒకటుంది. ఒక్కొక్కరి వేలికి ఒక పచ్చ ఉంగరం. మన భూమి 2814వ సెక్టారు. ఆ దళంలో సినెస్ట్రో అనేవాడు మొదట్లో అందరికన్నా మొనగాడు. కోరుగార్ అతని సొంత గ్రహం. దాన్ని కాపాడాల్సినవాడే శాంతిభద్రతల పేరు చెప్పి గుప్పిట్లో పెట్టుకుంటాడు.

అక్కడొచ్చింది ‘టైరంట్’. నేను ‘నియంత’ అన్నాను. పక్కన వత్తులు చేసుకుంటున్న మా అమ్మ “అంటే ఏంది?” అంది. “అంతా తన మాటే నడవాలంటడు, ఎదురు చెప్తే బతకనియ్యడు” అన్నా. “దొర అనరాదు మరి!” అంది. బాగుందనుకుని వాడు ‘దొర’ అని రాసేశాడు.

అంతలో ఆమే మొదలుపెట్టింది. “వెట్టి చేపిస్తడా?” లేదన్నా. “గడీ ఉందా?” (దొర ఉండే కోటలాంటి ఇల్లు) పుటలు తిరగేశాం, కనబడలేదు. “నాగుకు వడ్లిస్తడా?” (వడ్లు అప్పిచ్చి, వడ్డీ కలిపి వడ్లే వసూలు చేయడం) వాళ్లు వడ్లు తింటారో లేదో కూడా తెలియదన్నాడు మావాడు. “అయితే దొర కాదు, తుడిపెయ్” అంది. తుడిపేశాడు. ఇప్పుడా చోట నల్లటి మరక మాత్రం ఉంది. ఏం రాయమంటారు?

రాజమండ్రి:
దొర అంటే టైరంటా? మా వైపు దొరబాబు అని ముద్దుగా పేరు పెట్టుకుంటామండీ. ఆనకట్ట కట్టించినాయన మాకు కాటన్ దొర. పాత కాగితాల్లో సర్కారుని ‘దొరతనము వారు’ అని రాసేవారు. మీరు ఆ మాట రాస్తే మా పిల్లలు అతనే హీరో అనుకుంటారు.

నల్లగొండ:
అన్నా, మీ దొర వేరు, మా దొర వేరు. కన్నడంలో దొరె, తమిళంలో దురై, ఎక్కడైనా ప్రభువనే అర్థమే. కాకపోతే మా దగ్గర ఆ ప్రభువు కల్లంలోకి వచ్చి కొలుచుకుపోయేవాడు. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాలకు కూలిన కడవెండి అప్పట్లో మా జిల్లాదే. మా అమ్మ దొరల కాలం చూడలేదు, వాళ్లమ్మ చెప్పగా విన్నదంతే. అయినా చూశారుగా, దొర అనిపించుకోవడానికి ఏమేం ఉండాలో లెక్క పక్కాగా ఉంది. నిఘంటువుల్లో ఇంత తూకం దొరకదు.

వనపర్తి:
మా పాలమూరు దిక్కు సంస్థానాలుండె గద. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్. ‘రాజా’ అని రాయరాదూ? కవులనడిగితే గద్వాలను విద్వద్గద్వాల అని పొగుడుతరు. శిస్తు కట్టినోళ్లనడిగితే వేరే చెప్తరు. రెండూ ఒక్క మాటలో వస్తయి. 😀

మిర్యాలగూడ (రిటైర్డ్ తెలుగు పండిట్):
నియంత అసలు చెడ్డ మాట కాదు నాయనా. నియమించేవాడు, అదుపులో నడిపేవాడు. సంస్కృతంలో రథసారథినీ నియంత అంటారు. వైష్ణవులు భగవంతుణ్ణి సర్వనియంత అంటారు. పత్రికలు హిట్లర్‌కు తగిలించాక మాట కాస్తా పాడైపోయింది.

నిరంకుశుడు చూడండి. అంకుశం లేని ఏనుగు. కవులకు ఏ అదుపూ లేదని చెప్పడానికి ‘నిరంకుశాః కవయః’ అన్నారు, అక్కడది మెప్పుకోలు. మీ కథకు ఇదే అతుకుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే అడవి ఏనుగును నిరంకుశం అనం. మావటివాడు ఉండీ, అంకుశం పనిచేయనప్పుడే ఆ మాటకు బలం.

నల్లగొండ:
సార్, దండాలు. సరిగ్గా అదే! సినెస్ట్రో మీద ఓవా అనే గ్రహంలో పెద్దమనుషులున్నారు, ఉంగరం ఇచ్చింది వాళ్లే. సొంత గ్రహంలో ఏం చేస్తున్నాడో అడిగినవాడే లేడు. చివరికి అతని దగ్గర శిక్షణ పొందిన హాల్ జోర్డన్ అనే మన భూమి మనిషి బయటపెడతాడు, అప్పుడు వెళ్లగొడతారు. ఏనుగు సంగతి అమ్మకు చెప్పా. “గంతేనా? అడిగెటోడు లేనోడు అను” అంది. ఇంకేం కావాలి!

సూర్యాపేట:
అంతా ‘టైరంట్’ వెంట పడ్డారు గానీ, పైన ‘దళం’ అని తేలిగ్గా రాసేశారు. ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని పేపర్లు ‘శాంతి పరిరక్షక దళం’ అంటాయి, నిజమే. మా తాతకు మాత్రం దళం అంటే తుపాకులతో రాత్రి పూట వచ్చి అన్నం అడిగినవాళ్లు. ఎవరి దళం అని అడక్కుండా ఆయన తలుపు తీయడు. శివుడికి వేసే మారేడు దళం కూడా ఇదే మాట, ఆకు, రేకు, ఒక భాగం. సైన్యంలో ఒక భాగం కాబట్టి దళం అయింది.

నల్లగొండ:
అక్కా, మంచి చోట పట్టుకున్నారు. సినెస్ట్రో పోయాక కూడా కోరుగార్ జనానికి పచ్చ ఉంగరమంటే అసహ్యమే. తర్వాత సొరానిక్ నాటు అనే డాక్టరమ్మకు అదే ఉంగరం వస్తే, వేలికి పెట్టుకోవడానికే ఇష్టపడదు. కాబట్టి ‘దళం’ ఉండనిద్దాం. తాత తలుపు తీయకపోవడం కథకు పనికొస్తుంది.

కోదాడ:
ఆ తర్వాత సినెస్ట్రో పసుపు ఉంగరం పెట్టుకుంటాడు, అది భయానికి గుర్తట. తంగేడు పూలతో బతుకమ్మ పేర్చే మా పాపకు ఇది ఎట్లా చెప్పాలో ఎవరైనా చెప్పండి. పిరికివాణ్ణి పసుపు రంగుతో పోల్చేది ఇంగ్లీషువాళ్లు. మనకు పసుపు గడపకు రాసేది.

రాజమండ్రి:
మరి ‘లాంతర్’ని ఏమంటున్నారండీ? అదీ మార్చేశారా?

నల్లగొండ:
అమ్మ ‘కందిలి’ అంది, వాడు అదే రాసుకున్నాడు.

రాజమండ్రి:
కందిలి అంటే?

నల్లగొండ:
మీ లాంతరేనండీ. ఉర్దూ నుంచి వచ్చింది. గాజుచిమ్నీ బూడిదతో తుడిచి, గ్యాసునూనె పోసి దూలానికి తగిలించేవాళ్లం. ఆ ఉంగరాన్ని 24 గంటలకోసారి పచ్చ లాంతరు దగ్గర పెట్టి శక్తి నింపుకోవాలని మావాడు చెప్తే, “అంటే రోజూ మాపటికి నూనె పోసుకునుడే” అంది మా అమ్మ.