మారుడు చైనా వెళ్లి దయ్యం ఎలా అయ్యాడు?

మా అబ్బాయికి కొన్న రూబిక్స్ క్యూబ్ డబ్బా మీద రెండు చైనా అక్షరాలున్నాయి. ‘మో-ఫాంగ్’ అని చదవాలి, మాయా ఘనం అని అర్థం. అందులో మొదటి అక్షరం ‘మో’ మనకి బాగా తెలిసిన సంస్కృత పదం. మార, బుద్ధుడి తపస్సుకి అడ్డుపడ్డ మన మారుడు!

అక్షరం రాయడానికి ఇరవై దాకా గీతలు కావాలి. పైన చూరు, దాని కింద పక్కపక్కనే రెండు నార మొక్కలు. ఆ పై భాగాన్ని విడిగా ‘మా’ అంటారు. అర్థం నారే అయినా ఇక్కడ దాన్ని పెట్టింది పలుకు కోసం. అడుగున ఉన్నది ‘గ్వెయ్’, అంటే దయ్యం. పాత ఎముకల మీది రాతల్లో అది మనిషి ఒంటి మీద వింతైన పెద్ద తలకాయ బొమ్మ. అంటే పై సగం ఎలా పలకాలో చెబుతుంది, కింది సగం ఆ వచ్చినవాడు ఎవరో చెబుతుంది.

బౌద్ధ గ్రంథాలను అనువదించినవాళ్లు ‘మార’ని రెండక్షరాల్లో రాసుకున్నారు, ఇప్పటి పలుకులో ‘మో-లువో’. తర్వాత రెండోది రాలిపోయి మొదటిదే మిగిలింది. పాత పలుకు ‘మ’కి దగ్గరగా ఉండేది. జపాన్‌లో, వియత్నాంలో ఈ అక్షరాన్ని ఇప్పటికీ ‘మ’ అనే చదువుతారు. మొదట్లో అడుగున దయ్యం లేదు, రాయి ఉండేది. ఆ అక్షరానికి నూరడం, తిరగలి అని అర్థం. రాయి తీసి దయ్యాన్ని పెట్టించింది లియాంగ్ వంశపు వూ చక్రవర్తి (పాలన 502–549) అని అక్కడి సంప్రదాయం చెబుతుంది.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఇది. ‘మార’కి మూలం ‘మృ’ ధాతువు, చావడం. మరణం, మృత్యువు, పేపర్లో రోజూ చూసే మారణాయుధాలు, అన్నీ దాని పిల్లలే. అయినా తెలుగు కావ్యాల్లో మారుడంటే ఎవరు? మన్మథుడు! పాత సంస్కృత నిఘంటువు అమరకోశం కూడా ‘మదనో మన్మథో మారః’ అంటుంది. అదే అమరకోశం బుద్ధుణ్ణి ‘మారజిత్’, అంటే మారుణ్ణి గెలిచినవాడు, అంటుంది.

ఈ రెండు ముఖాలూ అశ్వఘోషుడు బుద్ధుడి జీవితం మీద రాసిన సంస్కృత కావ్యం బుద్ధచరితం 13వ సర్గలో ఒకే చోట కనిపిస్తాయి. లోకం కామదేవుడనే పూలబాణాల వాణ్ణే మోక్షానికి శత్రువైన మారుడంటారని ఆయన స్పష్టంగా చెప్పాడు. మారుడు ముందు బాణం వేస్తాడు. బోధివృక్షం కింద కూర్చున్నవాడు చలించడు. అప్పుడు వికృతాకారాల భూతసేనని పిలుస్తాడు. మన కవులు ఆ పూలబాణాన్ని ఉంచుకున్నారు. చైనా లేఖకులు ఆ సేనని అక్షరం అడుగున కూర్చోబెట్టారు. చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది నాకు.

జపాన్‌లో ఇదే అక్షరం ‘జమ’ అనే మాటలో ఉంది. సాధనకి అడ్డుపడే దుష్ట మారుడు అన్న బౌద్ధ అర్థం పోయి, ఇప్పుడు ఉత్త ‘అడ్డు’ అయింది. ఒకరి ఇంట్లోకి అడుగుపెడుతూ ‘ఓజమ షిమస్’ అంటారు, మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అని మర్యాదగా.

‘మారకం విలువ’ కూడా ఇదేనా అని అడగబోయేవాళ్లకి ముందే చెబుతున్నా, కాదు. అది మన తెలుగు ‘మారు’ నుంచి వచ్చింది. జాతకంలో మరణాన్ని సూచించే ‘మారక స్థానం’ మాత్రం ఈ ‘మృ’ కుటుంబమే.