టూసాన్ మాటలో నరికింది మోడునా, మానునా?

తెల్లకాగితం: హైతీ బానిసల తిరుగుబాటు నాయకుడు టూసాన్ లూవెర్త్యూర్‌ని బందీగా ఫ్రాన్స్‌కు తీసుకుపోయేటప్పుడు ఓడ ఎక్కుతూ అన్న మాట: "నన్ను కూల్చి స్వేచ్ఛావృక్షపు మోడునే నరికారు, వేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది, అవి లోతైనవి, ..." ఆ చివరి విశేషణం ఏమిటండీ? ఆ "మోడు" కూడా పంటికింద రాయిలా తగులుతోంది.

చెరువుగట్టు: "అనేకం". లోతైనవి, అనేకం. మోడు తప్పే. నరికాక మిగిలేదే మోడు, దాన్ని మళ్లీ నరకడమేమిటి? అక్కడ కూలింది మాను.

నిఘంటువుదాసు: "మొదలు" అనొచ్చుగా?

చెరువుగట్టు: "మొదలంటా నరికారు" అంటే వేళ్లతో సహా పోయిందనే కదా దాసుగారూ. ఆయన అన్నదానికి సరిగ్గా ఎదురు.

నిఘంటువుదాసు: అయితే స్కంధం. పోతన "లలిత స్కంధము, కృష్ణమూలము" అన్నప్పుడు మానూ, భాగవత విభాగమూ ఒకే మాటలో పలికాయి. పైగా కృష్ణమూలమంటే నల్లని వేరు కూడా! టూసాన్ అన్నది "నల్లవారి స్వేచ్ఛావృక్షం". అడిగినవారి పాఠంలో "నల్లవారి" ఎగిరిపోయింది, చూశారా?

పాతబడి: శ్లేష అందంగా ఉంది గానీ స్కంధమంటే ఇప్పుడు సగంమంది భుజం తడుముకుంటారు. "నల్లవారి" మాత్రం ఉండితీరాలి. విప్లవకాలంలో ఫ్రాన్స్‌లో ఊళ్ల కూడళ్లలో స్వేచ్ఛావృక్షాలని నిజంగానే చెట్లు నాటారు, పోప్లార్లు ఎక్కువ. ఇది వాటిలో ఒకటి కాదు, తమది వేరే చెట్టని చెప్పడమే అక్కడి పోటు.

చెరువుగట్టు: పోప్లార్ అయితే పోలిక అతుకుతుంది. కొట్టేస్తే వేళ్ల నుంచే పిలకలు లేస్తాయి. అందుకే "చిగురిస్తుంది" కన్నా "పిలకలేస్తుంది" నయం, చిగురు మోడుకి కూడా వస్తుంది. ఈ మాట కింద తాటిజాతి చెట్టు బొమ్మ వేస్తుంటారు, హైతీ రాజముద్రలో ఉందని. దానికి మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే, వేరు పిలక వేయదు.

పాతబడి: ఇంతకీ ఇది ఆయన స్వహస్తంతో రాసింది కాదు. 1802 జూన్ 7న ఫ్రెంచి సేనాని బ్రూనే ఆయన్ని చర్చలకని పిలిచి పట్టుకున్నాడు. మాటను అచ్చులోకి తెచ్చింది లక్రువా, హైతీ మీదికి నెపోలియన్ పంపిన అదే దండయాత్రలో ఉన్న ఫ్రెంచి సేనాని, 1819లో. మూలంలో విశేషణాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కానీ నా ఓటు "అనేకం" ముందుండాలని. మరో ఫ్రెంచి దీవి గ్వాడలూప్‌లో బానిసత్వం తిరిగొస్తోందన్న కబురు, హైతీలో నల్లవారి ఆయుధాలు లాక్కోవడం, రెండూ కలిసి కొండల్లో చిన్న దళాల్ని లేపాయి. టూసాన్ కింది సేనానులు దెస్సలీన్, క్రిస్టోఫ్‌లు ఫ్రెంచివాళ్లను వదిలింది ఆ తర్వాత, అక్టోబరులో. టూసాన్ 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్స్‌లోని జూ కోటలో పోయాడు, ఫ్రెంచివాళ్లు చివరిగా ఓడిన వెర్తియేర్ యుద్ధం ఆ నవంబరు 18న. లోతు సంగతి సరే, సంఖ్యే గెలిచింది.

తెల్లకాగితం: సరే, "మాను" ఖాయం చేద్దామా?

నిఘంటువుదాసు: "మ్రాను" అయితేనే. రేఫ తీసేస్తే "ఆ పని మాను" అన్నట్టుంటుంది.

చెరువుగట్టు: వాడుకలో రేఫ ఎప్పుడో పోయింది. చెట్టూమానూ అంటాం, చెట్టూమ్రానూ అనం.

నిఘంటువుదాసు: మ్రాన్పడినప్పుడు మాత్రం ఉంటుందే!

పాతబడి: అది వేరే మాటేమో. బ్రౌణ్య నిఘంటువు తీయండి.