పాత పికప్ బండికి స్పీడోమీటర్ ఆగిపోతే బాగు చేయించాలా, సెట్టు మార్చాలా, ఫోను సరిపోతుందా?

ఉప్పల్ కూరగాయల బండి:

అందరికీ నమస్కారం. మాది 2005 మోడల్ డీజిల్ పికప్. తెల్లవారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌లో సరుకు ఎత్తుకొని తార్నాక, హబ్సిగూడ, రామంతాపూర్ మీదుగా ఉప్పల్ దాకా దుకాణాలకు వేసి వస్తాము. కొంతకాలంగా స్పీడోమీటర్ ముల్లు 20కీ 40కీ మధ్య వణుకుతూ ఉండేది. చలి పొద్దుల్లో డ్యాష్‌బోర్డు వెనక నుంచి కీచుమని చప్పుడు కూడా వచ్చేది. ఇప్పుడు ముల్లు సున్నా దగ్గరే పడి ఉంది, కిలోమీటర్ల అంకెలు కూడా కదలడం లేదు. డీజిల్ గేజీ, ఇంజన్ వేడి చూపే గేజీ మాత్రం సక్రమంగానే పనిచేస్తున్నాయి.

ఒక గ్యారేజీలో చూపిస్తే, మీటరు సెట్టు మొత్తం తీసేసి, విప్పేసిన బండ్ల నుంచి వచ్చిన పాత సెట్టు వేద్దామన్నారు. ఆ సెట్టులో కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని, అది కూడా నాకు లాభమేనని చెప్పారు. మా బావమరిది మాత్రం ఫోనులో వేగం చూపే యాప్ ఉండగా దీనికి ఖర్చు దండగ అంటున్నాడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు కూడా దగ్గర పడుతోంది. అనుభవం ఉన్న పెద్దలు కారణాలతో సహా సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

కూకట్‌పల్లి ట్రాన్స్‌పోర్టు:

మీ బావమరిది గారి మాటలో న్యాయం ఉంది. స్పీడోమీటర్ అన్నది ఖచ్చితమైన కొలత అని చాలామంది నమ్ముతారు గానీ, ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది చూస్తే సంగతి తెలుస్తుంది. మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు గానీ, అసలు వేగంలో పదో వంతు, దానిపైన ఇంకో 4 కిలోమీటర్ల వరకు ఎక్కువ చూపవచ్చు. అంటే బండి నిజంగా 60లో పోతున్నప్పుడు ముల్లు 70 దగ్గర నిలిచినా ఆ మీటరు ఆ నిబంధనకు లోబడినట్టే. ఫోను యాప్ వాడే జీపీఎస్ ఉపగ్రహాలను బట్టి వేగం లెక్కకడుతుంది, దానికి టైరు అరుగుదలతో పని లేదు, గేరు పళ్లతో పని లేదు. ఆకాశం కనిపించే రోడ్డు మీద నిలకడగా నడుపుతున్నప్పుడు అది చూపే వేగం ఏ పాత మీటరు కంటే కూడా నికరం. నా బండ్లన్నిటికీ జీపీఎస్ ట్రాకర్లు ఉన్నాయి. వేగమూ, తిరిగిన దూరమూ రెండూ వాటిలోనే నమోదవుతాయి. ఇరవై ఏళ్ల బండికి విడిభాగాలు వెతుక్కుంటూ బేరం పోయే పొద్దు పాడు చేసుకోవడం నాకు సమంజసంగా తోచదు.

రాణిగంజ్ మీటర్ల పని:

ఉప్పల్ అన్నగారూ, సెట్టు మార్చడానికి తొందరపడి ఒప్పుకోకండి. మీరు రాసిన లక్షణాలను బట్టే చాలావరకు తప్పు ఎక్కడుందో తెలుస్తోంది.

మీ బండి కాలపు కేబుల్ మీటరు పనిచేసే తీరు చెబుతాను. గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు తిప్పుడు అందించే షాఫ్టు మీద మరలాంటి పళ్లున్న ఒక వార్మ్ గేరు ఉంటుంది. దానికి పినియన్ అనే ఒక చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం పట్టుకొని తిరుగుతుంది. పినియన్‌లో దూర్చిన కేబుల్, పై తొడుగు లోపల తిరుగుతూ, డ్యాష్‌బోర్డు దాకా వచ్చి మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె ఒకటి ఉంటుంది. రెండూ ఒకదానికొకటి తగలవు. అయినా అయస్కాంతం తిరిగే వేగాన్ని బట్టి గిన్నెలో పుట్టే విద్యుత్ సుడులు గిన్నెను లాగుతాయి, వెంట్రుకంత సన్నని స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలు సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. కిలోమీటర్ల అంకెలు మాత్రం అదే ఇరుసు నుంచి వేరే పళ్ల చక్రాల ద్వారా తిరుగుతాయి.

అంచేత ముల్లు ఆగి అంకెలు తిరుగుతుంటే స్ప్రింగు, గిన్నె అనుమానించాలి. అంకెలు ఆగి ముల్లు ఆడుతుంటే ఆ చిన్న పళ్ల చక్రాల్లో ఒకటి విరిగిందనుకోవాలి. రెండూ కలిసి ఆగిపోయాయంటే మీటరుకు తిప్పుడే అందడం లేదని అర్థం, తప్పు సాధారణంగా కేబుల్‌లోనో పినియన్‌లోనో ఉంటుంది. ముందుగా ముల్లు వణకడం, కీచుమనడం అన్నవి కేబుల్ ఎండిపోయిందనడానికి గుర్తులు. తిప్పుడే అందని బండికి మీరు ఎంత మంచి సెట్టు వేయించినా దాని ముల్లు కూడా సున్నాలోనే ఉంటుంది.

పరీక్ష మీరే చేసుకోవచ్చు. మీటరు వెనక కేబుల్ నట్టు విప్పి, తీగ చివర కనిపించేలా బయట పెట్టండి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చదునైన ఖాళీ స్థలంలో బండిని ఇద్దరి చేత ఐదారు మీటర్లు తోయించండి. బ్రేకు మీద కాలు పెట్టి ఒకరు సీట్లో కూర్చోవాలి, ఇంజన్ ఆగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కాల్సి వస్తుందని వారికి ముందే చెప్పండి. జపాన్ పద్ధతి మీటర్లకు నిమిషానికి 637 చుట్లు తిరిగితే ముల్లు 60 చూపుతుంది, అంటే కిలోమీటరుకు 637 చుట్లు. ఆ లెక్కన ఐదు మీటర్లకు తీగ మూడు చుట్లు తిరగాలి. మీ మీటరు లెక్క కొంత వేరైనా, తీగ తిరుగుతోందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది. తిరిగితే తప్పు మీటరులో ఉంది. తిరగకపోతే లోపలి తీగను పై నుంచి బయటికి లాగండి. తుంపు వస్తే తీగ తెగింది. మొత్తం తీగ వచ్చి, రెండు చివరల నలుచదరపు మొనలూ గుండ్రంగా అరగకుండా ఉంటే పినియన్ విప్పి చూడాలి.

ఇక ఫోను విషయం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 117వ నియమం బండికి వేగం చూపే మీటరు ఉండాలంటుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, అక్కడ ఫోను చూపిస్తే ఒప్పుకోరు. 2020 అక్టోబరు నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, నడిపేటప్పుడు చేతి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ దృష్టి చెదరకుండా, వాడాలి. పైగా మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింది రోడ్డులోనూ, మెట్రో వంతెనల కిందా ఉపగ్రహ సంకేతం సరిగా అందదు. మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి తనంత తాను ఆగిపోతుంది. బరువుతో ఉన్న బండి బ్రేకుకు ఆలస్యంగా నిలుస్తుంది కాబట్టి, వేగం తెలియాల్సిన అవసరం ఖాళీ కారు వాళ్ల కంటే మనకే ఎక్కువ.

కూకట్‌పల్లి ట్రాన్స్‌పోర్టు:

నియమం సంగతి ఒప్పుకుంటున్నాను, ఫిట్‌నెస్ కోసం మీటరు పనిచేయాల్సిందే. వంతెనల కింద ఇబ్బంది కూడా వాస్తవమే. కానీ మీరు చెప్పినంత పనితనం ఉన్నవారు ఇప్పుడు నగరంలో ఎంతమంది మిగిలారు? నా పాత బండి ఒకదానికి కేబుల్ మార్పించాను, ముల్లు మళ్లీ ఊగుతూనే ఉంది. అందుకే డ్రైవర్లకు ట్రాకరు చూపే వేగాన్నే నమ్మమని చెబుతాను. మీటరు పనిచేయడం వేరు, దాన్ని నమ్మగలగడం వేరు.

రాణిగంజ్ మీటర్ల పని:

కేబుల్ కొత్తదైనా ముల్లు ఊగుతోందంటే, అమర్చిన తీరు చూడాలి. క్లచ్ పెడల్ వెనక నుంచి వచ్చేటప్పుడు కేబుల్‌ను ఇరుకుగా మడిస్తే తీగ ఆ వంపులో పట్టి వదులుతూ తిరుగుతుంది, ముల్లు ఆ తీరుగానే ఎగిరి పడుతుంది. జానెడు వెడల్పు గల వంపుకంటే ఇరుకైన వంపు రాకూడదు. గ్రీజు కూడా అడ్డగోలుగా పూయకూడదు. తీగ కింది వైపు మూడింట రెండు వంతులకు పలచగా పూసి, మీటరు వైపు చివర పొడిగా వదిలేయాలి. లేకపోతే తీగ తిరుగుతున్నకొద్దీ గ్రీజు పైకి పాకి, గిన్నెలోకీ స్ప్రింగులోకీ చేరి, బాగున్న మీటరును పాడు చేస్తుంది. నా దగ్గరికి వచ్చే మీటర్లలో ఇలా మనిషి చేతిలో పాడైనవి నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి.

మాసాబ్‌ట్యాంక్ ఆటోమొబైల్ లెక్చరర్:

నమ్మకం గురించి కూకట్‌పల్లి వారు లేవనెత్తిన ప్రశ్న ముఖ్యమైనది. మీటరు మీద నమ్మకం పరీక్షతో రావాలి. ఆ పరీక్షలో ముల్లును, కిలోమీటర్ల అంకెలను విడివిడిగా చూడాలి. విజయవాడ హైవే మీద ఆటోనగర్ దాటాక రద్దీ తగ్గిన చోట, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకొని, కిలోమీటరు రాళ్ల ప్రకారం పది కిలోమీటర్లు నడిపి అంకెలతో పోల్చండి. ఆ దారిలోనే 60 దగ్గర నిలకడగా పోతూ, రాయి నుంచి రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనున్నవారిని చూడమనండి. దూరం, వేగం రెండూ ఒకే నిష్పత్తిలో తేడా చూపితే తప్పు టైరులోనో పినియన్‌లోనో ఉంది. దూరం సరిగా ఉండి వేగం ఒక్కటే తేడాగా ఉంటే మీటరు లోపలి అయస్కాంతమో స్ప్రింగో కారణం. అయస్కాంతం బలం తగ్గితే ముల్లు తక్కువ చూపుతుంది. నెమ్మదిగా పోతున్నామనే భ్రమ కలిగిస్తుంది కాబట్టి అది ఎక్కువ ప్రమాదకరం.

టైరు సంగతి చాలామంది మరిచిపోతారు. 215/75 ఆర్ 15 టైరు బయటి వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు. బరువు మోస్తుందని దాని స్థానంలో 235/75 ఆర్ 15 వేయిస్తే వ్యాసం 733 దాటుతుంది. అప్పటిదాకా సరిగా ఉన్న మీటరు 60 చూపుతున్నప్పుడు బండి అసలు వేగం 62.5 వరకు ఉంటుంది. సరుకు వాహనాలకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం నగర పరిధిలో 60 కాబట్టి, తెలియకుండానే హద్దు దాటినట్టవుతుంది.

ఉప్పల్ కూరగాయల బండి:

రాణిగంజ్ అన్నగారికి, లెక్చరర్ మేడమ్ గారికి కృతజ్ఞతలు. చెప్పిన ప్రకారం బండిని తోయించి చూశాము. తీగ కదల్లేదు. బయటికి లాగితే తెగకుండా మొత్తం వచ్చింది, మొనలు కూడా బాగున్నాయి గానీ, తీగ అంతా తుప్పు పట్టి ఎండిపోయి ఉంది. మెకానిక్ చేత పినియన్ విప్పిస్తే వరుసగా పళ్లు ఊడిపోయి కనిపించాయి. కేబుల్ బాగానే ఉంది కాబట్టి పినియన్ ఒక్కటి వేస్తే చాలని ఆయన అంటున్నారు. ఇంకో ప్రశ్న. మీటరు ఆగిన ఇన్ని రోజులూ తిరిగిన కిలోమీటర్లు అంకెల్లోకి ఎక్కలేదు. వాటిని కలిపి ముందుకు తిప్పించడం ధర్మమేనా?

రాణిగంజ్ మీటర్ల పని:

పినియన్ ఒక్కటే వేయకండి. ఎండిన కేబుల్ బిగదీయడం వల్లనే ఆ ప్లాస్టిక్ పళ్లు ఊడి ఉంటాయి. అదే కేబుల్‌కు కొత్త పినియన్ తగిలిస్తే దానికీ అదే గతి పడుతుంది. రెండూ కలిపి మార్చండి. పాత పినియన్ పారేయకుండా దుకాణానికి తీసుకెళ్లి, ఊడిన పళ్ల చోటు కూడా కలుపుకొని లెక్కపెట్టి, అన్నే పళ్లున్నది తీసుకోండి. 17 పళ్ల చోట 18 పళ్లది వేస్తే కేబుల్ నెమ్మదిగా తిరిగి మీటరు ఐదారు శాతం తక్కువ చూపుతుంది.

కిలోమీటర్ల అంకెను నేను వెనక్కి తిప్పను, ముందుకు కూడా అంచనా మీద తిప్పను. అంకె ఆగిన చోటి నుంచే మళ్లీ నడవాలి, ఆగిన తేదీ, బాగైన తేదీ సర్వీసు పుస్తకంలో రాసుకోవాలి.

కూకట్‌పల్లి ట్రాన్స్‌పోర్టు:

ఇక్కడ మాత్రం మీతో ఏకీభవించలేను. రోజూ ఒకే దారిలో తిరిగే బండి కాబట్టి దూరం లెక్క సులభంగానే తేలుతుంది. ఇంజన్ ఆయిలు, గేర్ ఆయిలు మార్చే గడువులన్నీ కిలోమీటర్ల మీదే నడుస్తాయి. తక్కువ అంకె ఉంచి నడిపితే ఆ గడువులు దాటిపోతాయి, రేపు కొనేవాడికి కూడా అసలు తిరుగుడు కంటే తక్కువే కనిపిస్తుంది. కలిపి తిప్పించడంలో మోసం ఎక్కడుంది?

మాసాబ్‌ట్యాంక్ ఆటోమొబైల్ లెక్చరర్:

మీ ఉద్దేశం మంచిదే. అయినా అంకె మీద ఒకసారి చెయ్యి పడ్డాక, అది ఎటువైపు ఎంత తిరిగిందో కొనేవారికి తెలిసే మార్గం ఉండదు. అమెరికా చట్టం ఈ చిక్కును ఆలోచించింది. మరమ్మతు తర్వాత పాత అంకె నిలపడం కుదరకపోతే ఓడోమీటరును, అంటే కిలోమీటర్ల అంకెల మీటరును, సున్నాకు తెచ్చి, పాత అంకె, మరమ్మతు తేదీ రాసిన చీటీని ఎడమ తలుపు చట్రానికి అంటించాలని అక్కడి నిబంధన. అంటే అంచనాకు చోటు లేదు, జరిగింది రాతలో ఉండాలి. ఆయిలు గడువుల కోసం ఆగిన రోజుల దూరాన్ని పుస్తకంలో కలుపుకొంటే చాలు, మీటరు అంకెను ముట్టనక్కర లేదు. గ్యారేజీ వారు లాభమని చెప్పిన తక్కువ కిలోమీటర్ల సెట్టును కూడా ఈ కారణంగానే వద్దంటాను. ఆ అంకెను చూపించి బండిని అమ్మితే, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు ఎదుర్కోవలసి రావచ్చు.

ఉప్పల్ కూరగాయల బండి:

అంకెను అలాగే ఉంచి పుస్తకంలో రాయడానికే నిశ్చయించుకున్నాను. కూకట్‌పల్లి అన్నగారు అన్నట్టు ఆయిలు గడువు మాత్రం రోజువారీ దూరం లెక్కకట్టి అంత ముందే పెట్టుకుంటాను. కేబుల్, పినియన్ రెండూ తెస్తున్నాను. పినియన్ విప్పిన చోట గేర్ ఆయిలు చెమ్మ కనిపించింది, దానికి ఏమైనా చేయాలా?

రాణిగంజ్ మీటర్ల పని:

తప్పక చేయాలి. పినియన్ కాడకు ఉండే చిన్న ఆయిల్ సీలు గట్టిపడి ఉంటుంది, దాని వెలుపలి రబ్బరు రింగు కూడా చూడండి. అవి కారితే తిరిగే తీగ వెంట ఆయిలు పైకెక్కి మీటరులోకి చేరుతుంది. ఇప్పుడే రెండూ మార్పించి, గేర్ ఆయిలు మట్టం చూపించి, ఆ తర్వాతే కేబుల్ బిగించండి. కేబుల్ నట్టును చేత్తో బిగిస్తే సరిపోతుంది, ప్లయర్ పెడితే మీటరు వెనక మర పాడవుతుంది.