లో హాన్ గువో పండు మధుమేహానికి మందా, చక్కెరకు బదులు వాడుకునే తీపి మాత్రమేనా?

కిన్నెరసాని (డాలస్):
మధుమేహం ఉన్న మా నాన్నగారు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. ఇక్కడి దుకాణాల్లో దొరికే మాంక్ ఫ్రూట్ చక్కెరతో సేమియా పాయసం చేసి పెట్టాను. అది చైనా వైద్యంలో తరతరాలుగా వాడుతున్న లో హాన్ గువో పండు నుంచి తీసినదనీ, చక్కెర వ్యాధిని తగ్గిస్తుందనీ ఎవరో వాట్సాప్‌లో పంపిన సందేశం చూపించి, ఇక మందుబిళ్లలు తగ్గించమని డాక్టరు గారిని అడుగుతానంటున్నారు. ఈ పండుకు నిజంగా ఆ గుణం ఉందా? లేదని నా అభిప్రాయం. ఉందనే వారు ఆధారం చెబితే శ్రద్ధగా చదువుతాను.

నాగావళి:
అమ్మా, సంప్రదాయ వైద్యమని తేలిగ్గా తీసిపారేయవద్దని నా మనవి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతంలో, గుయ్‌లిన్ చుట్టుపక్కల కొండల్లో ఈ తీగను తరాలుగా పెంచుతున్నారు. పండులోని మోగ్రోసైడ్లు అనే పదార్థాలు చక్కెర కన్నా దాదాపు 250 రెట్లు తియ్యగా ఉన్నా రక్తంలో చక్కెరను పెంచవు. మధుమేహం ఉన్న ఎలుకలకు వీటిని ఇచ్చి చూసిన ప్రయోగాల్లో చక్కెర తగ్గినట్లు కూడా కనిపించింది. తీపి మానలేక అవస్థ పడే రోగి చేత చక్కెర మాన్పించగలిగిన పదార్థాన్ని మందు అనడానికి మనకెందుకంత సంకోచం?

కర్నూలు పాఠకుడు:
నాగావళి గారూ, మీరు ఏ సంప్రదాయాన్ని సాక్ష్యంగా చూపుతున్నారో ఆ సంప్రదాయమే ఈ పండును మధుమేహానికి చెప్పలేదు. చైనా ప్రభుత్వ ఔషధ కోశంలో దీనికి చెప్పిన ఉపయోగాలు ఊపిరితిత్తుల్లో వేడి వల్ల వచ్చే పొడిదగ్గు, గొంతు నొప్పి, గొంతు బొంగురుపోవడం, మలబద్ధకం. మోతాదు 9 నుంచి 15 గ్రాములు. గుండ్రని పచ్చి పండును వేడిలో ఆరబెడితే గోధుమ రంగుకు తిరిగి, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, తట్టితే డొల్లగా మోగే కాయ అవుతుంది. దాని పెంకును చిదిమి, గుజ్జుతో, గింజలతో సహా నీళ్లలో మరిగించి ఆ కషాయం తాగుతారు. గొంతు రాసుకుపోయిన వారికి అది హాయినిస్తుందంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. అయితే ఎండు కాయలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా సహజంగా ఉంటాయి కాబట్టి, కాయను మరిగించిన కషాయం వేరు, శుద్ధి చేసి తీసిన తీపి పొడి వేరు. ఈ పండును మధుమేహంతో ముడిపెట్టడం ఆ పొడి వ్యాపారం పెరిగిన తరువాత బలపడిన ప్రచారం.

ఇంకొక సంగతి. 1941లో అమెరికా వృక్షశాస్త్రవేత్త వాల్టర్ స్వింగిల్ ఈ మొక్కకు శాస్త్రనామం పెట్టినప్పుడు దీన్ని మన కాకర ప్రజాతిలోనే చేర్చాడు. తరువాతి వారు వేరు చేశారు. కాకరరసం తాగుతున్నాం కదా అని బిళ్లలు మానేసి చక్కెర పెంచుకున్న వారు మన ఊళ్లలోనూ ఉన్నారు కాబట్టే ఈ వాదన నాకు భయం కలిగిస్తోంది. ఎలుకల ఫలితాన్ని మనిషికి మోతాదుగా మార్చడం ఎవరి చేతిలోనూ లేదు.

మనుషులపై జరిగిన ఒక పరీక్ష చెబుతాను. 2017లో వెలువడిన సింగపూర్ అధ్యయనంలో 30 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు వేర్వేరు రోజుల్లో చక్కెర, అస్పార్టేమ్, స్టీవియా, మాంక్ ఫ్రూట్ కలిపిన పానీయాలు ఇచ్చారు. చక్కెర లేని పానీయం తాగినవారు తరువాతి భోజనంలో ఎక్కువ తిని, మిగిల్చిన కేలరీలను మళ్లీ పూడ్చుకున్నారు. మొత్తం లెక్కలో గ్లూకోజ్‌కు గానీ ఇన్సులిన్‌కు గానీ చెప్పుకోదగిన తేడా రాలేదు.

నాగావళి:
ఆ పరీక్షలో ఉన్నవారు ఆరోగ్యవంతులు, కోరినంత తినే వీలు ఉన్నవారు. కొలిచి వడ్డించిన అన్నం తినే మధుమేహ రోగికి ఆ ఫలితాన్ని యథాతథంగా అన్వయించడం న్యాయం కాదు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి చక్కెరేతర తీపి పదార్థాలు వాడవద్దని సూచించినప్పుడు కూడా, అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని విడిగా చెప్పింది. మందుబిళ్లలు తగ్గించమని నేను చెప్పలేదు, చెప్పను. చక్కెర మానడంలో ఈ పండు చేసే సాయానికి విలువ ఇవ్వమంటున్నాను.

సీలేరు:
ఆహార పరిశ్రమలో పనిచేసేవాడిగా ఒక మాట చెబుతాను. మీరిద్దరూ పండు గురించి వాదిస్తున్నారు, నాన్నగారు తిన్నది మాత్రం ఎక్కువ పాళ్లు పండు కాకపోవచ్చు. తీపి 250 రెట్లు ఉన్న పొడిని చెంచాతో కొలిచి పాయసంలో వేయడం కుదరదు. అందుకే చెంచా చక్కెరకు చెంచా సరిపోయేలా తయారీదారులు దాన్ని ఎరిత్రిటాల్ (చక్కెర కన్నా కాస్త తక్కువ తీపి ఉండే, కేలరీలు దాదాపు లేని పొడి) లాంటి పదార్థంతో కలిపి అమ్ముతారు. ప్యాకెట్ ముందు వైపు పండు బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల వరుసలో మొదట కనిపించేది తరచుగా ఎరిత్రిటాలే. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది అమెరికాలో నిబంధన.

2023లో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధకులు రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించిందని ప్రకటించారు. మన శరీరం కూడా కొంత ఎరిత్రిటాల్ తయారు చేస్తుంది కాబట్టి, అది కారణమో కేవలం సూచనో ఆ ఒక్క అధ్యయనంతో తేలదు. కానీ మధుమేహ రోగికి గుండె జబ్బు ముప్పు ఎలాగూ ఎక్కువే కనుక, ఈ పొడిని రోజూ గరిటెలతో వాడే ముందు డాక్టరు గారికి ప్యాకెట్ చూపించడం మంచిది.

కిన్నెరసాని (డాలస్):
ఇప్పుడే ప్యాకెట్ తిప్పి చూశాను. మొదటి పేరు ఎరిత్రిటాలే, పండు సారం చివర ఉంది. నాగావళి గారూ, చక్కెర మానడానికి ఇది సాయపడుతుందన్న మీ మాట కాదనను, కానీ "మందు" అన్న మాట వినగానే మా నాన్నగారు బిళ్లల డబ్బా పక్కన పెడుతున్నారు. ఆ మాట వల్ల వచ్చే నష్టమే నాకు పెద్దదిగా కనిపిస్తోంది.

కర్నూలు పాఠకుడు:
అమ్మా, నాన్నగారితో వాదించే కన్నా గ్లూకోమీటరుతో చూపించండి. పాయసం తినే ముందొకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి కొలవండి. తీపి ఏదైనా సేమియా పిండిపదార్థమే, పాలలోనూ చక్కెర ఉంటుంది. అంకె పెరిగితే ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనే అడుగుతారు. ఆ కాగితాన్నీ, ప్యాకెట్‌నూ కలిపి డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లండి. బిళ్లల సంగతి అక్కడ తేలాలి.

నాగావళి:
దానికి నాకూ అభ్యంతరం లేదు. మధుమేహం ఉన్నవారికే ఈ పండు సారాన్ని నెలల తరబడి ఇచ్చి, మూడు నెలల సగటు చక్కెర కొలిచిన పెద్ద పరీక్ష ఎవరి దృష్టిలోనైనా ఉంటే ఇక్కడ పెట్టండి. అది నా మాటకు వ్యతిరేకంగా ఉన్నా సరే, చదువుతాను.