సెలవుల ముందు చివరి పీరియడ్‌లో కాగితం నక్షత్రాలు, ఇంటికేమో 168 పేపర్లు: ఎలా సర్దుకోవాలి?

సుద్దముక్క:
ఆరో తరగతి, 42 మంది. సెలవులిచ్చే రోజు చివరి పీరియడ్ నాది, 45 నిమిషాలు. ఆ పూట పాఠం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు, ఊరికే వదిలేస్తే క్లాసు సంతే. అందుకని ఆరు మూలల కాగితం నక్షత్రాలు చేయించి కిటికీలకి కట్టిద్దామనుకుంటున్నాను. కత్తెరలు 14 మాత్రమే ఉన్నాయి. ఇంట్లో ముందుగా చేసి చూస్తే ఒకసారి ఎనిమిది మూలలొచ్చాయి, ఇంకోసారి విప్పగానే ముక్కలై రాలింది. తప్పెక్కడ జరుగుతోంది?

రెండోది. నాలుగు సెక్షన్లవి కలిపి 168 పేపర్లు దిద్దాలి. సెలవులు పది రోజులు. ఇల్లంతా పేపర్ల కట్టలతో నిండిపోకుండా ఈ పని ఎలా పంచుకోవచ్చు?

మడతపేజీ:
ఎనిమిది మూలలు వచ్చాయంటే ప్రతిసారీ సగానికే మడిచారన్నమాట. సగం, పావు, అందులో సగం... ఇలా ఎన్ని మడతలు వేసినా నాలుగు, ఎనిమిది, పదహారు వస్తాయి గానీ ఆరు రాదు. ఆరు కావాలంటే ఒక్కచోటైనా మూడుగా మడవాలి.

ఏ4 కాగితం 210 × 297 మి.మీ. పొడుగు వైపు 210 దగ్గర కోస్తే చతురస్రం వస్తుంది, 87 మి.మీ. పట్టీ మిగులుతుంది (పట్టీ దాచండి, పనికొస్తుంది). చతురస్రాన్ని మూల నుంచి మూలకి మడిస్తే త్రికోణం. ఆ మడత అంచుని పిల్లల చేత కొలిపించండి, మళ్లీ 297 మి.మీ. వస్తుంది! ఏ4 పొడవు, వెడల్పుల నిష్పత్తి రూట్ 2 కాబట్టి అలా కుదురుతుంది. లెక్కల టీచరైతే ఇక్కడే పది నిమిషాలు మింగేస్తారు, జాగ్రత్త.

ఆ మడత అంచుకి సరిగ్గా మధ్యలో గోటితో గుర్తు పెట్టండి. త్రికోణాన్ని మొత్తం సగానికి మడవొద్దు, గీత పడితే తర్వాతి మడతలు దారి తప్పుతాయి. గుర్తు దగ్గరున్న 180 డిగ్రీలని మూడు అరవైలు చేయాలి. కుడి రెక్కని ఎడమవైపుకి, ఎడమ రెక్కని దాని మీదికి వాల్చండి. అప్పుడే నొక్కేయకండి. ఒక్కో రెక్క అంచు ఎదుటివైపు మడతతో కలిసిందా చూసుకుని, కలవకపోతే కొంచెం జరిపి, అప్పుడు గోటితో రుద్దండి. మొదటి రెక్కని 55 డిగ్రీలకే నొక్కేస్తే మిగతా రెండు భాగాలూ 62న్నర చొప్పున పంచుకుంటాయి, విప్పాక నక్షత్రం మొనలు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. ఇప్పుడు మరోసారి సగానికి మడిస్తే 30 డిగ్రీల కోసు (మొనదేలిన సన్నటి మడత), 12 పొరలు.

కోత ఇలా: మొన నుంచి ఒక అంచు మీద 10 సెం.మీ. దగ్గర, రెండో అంచు మీద 5.8 సెం.మీ. దగ్గర చుక్కలు పెట్టి, రెండిటినీ కలిపే గీత వెంట కోయాలి. నికార్సైన ఆరు మొనల నక్షత్రం వస్తుంది. రెండో చుక్కని 4 దగ్గర పెడితే మొనలు సూదుల్లా ఉంటాయి, 8.7 దగ్గర పెడితే నక్షత్రమే ఉండదు, షడ్భుజి వస్తుంది. మొదటి చుక్క 10.5 దాటకూడదు. చతురస్రం నడుమ నుంచి పక్క అంచుకి ఉన్న దూరం అంతే, దాటితే కొన్ని మొనలకి కాగితం చాలదు.

ఇక ముక్కలై రాలడం. పక్క అంచుల్లో డిజైన్ కోసేటప్పుడు కోత ఇటు నుంచి అటు దాటిపోయుంటుంది. మొన నుంచి 5 సెం.మీ. దగ్గర కోసు వెడల్పు సుమారు 2.7 సెం.మీ. మాత్రమే. అక్కడ కోత 1.3 మించకూడదు. ఎదురెదురుగా రెండు కోతలు అసలే వద్దు, ఒకటి కిందా ఒకటి పైనా ఉండాలి.

కాగితం మందం కూడా చూసుకోండి. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) కాగితం పొర సుమారు 0.1 మి.మీ., పన్నెండు పొరలంటే 1.2 మి.మీ. పిల్లల కత్తెరకి అది బరువే. బ్లేడ్ల మధ్య పొరలు జారి పై నక్షత్రానికీ అడుగుదానికీ పోలిక ఉండదు. పల్చటి రంగు కాగితం మేలు. చార్టు కాగితం మాత్రం ముట్టుకోకండి.

నల్లబల్ల:
మడతల గురించి పైన బాగా చెప్పారు. 14 కత్తెరల సంగతి నేను చెప్తాను. 42 మందినీ 14 చొప్పున మూడు జట్లు చేయండి. మొదటి 15 నిమిషాలు అందరూ కలిసి మడత, చుక్కలు. తర్వాత ఒక్కో జట్టుకి 8 నిమిషాలు కత్తెర, మొత్తం 24. చివరి 6 నిమిషాలు తుక్కు ఏరడానికి. ఆ ఆరు నిమిషాలు వదులుకుంటే చీపురు మీ చేతికే వస్తుంది.

కత్తెర లేని 28 మందీ ఖాళీగా ఉండకూడదు. ఆ 87 మి.మీ. పట్టీని నిలువునా మూడు చేస్తే ఒక్కోటి 29 మి.మీ. వెడల్పు, 210 పొడవు. కొసలు 15 మి.మీ. ఒకదానిమీదొకటి వేసి అతికిస్తే 6 సెం.మీ. పైచిలుకు అడ్డకొలత ఉన్న ఉంగరం. తలా మూడు, మొత్తం 126 ఉంగరాలు, ఏడు మీటర్లకి పైగా గొలుసు. ఏ బెంచీ వాళ్లు ఆ బెంచీ ముక్క చేసుకుని చివర్లో కలపాలి. ఒకే గొలుసు క్లాసంతా తిప్పితే లాక్కునేటప్పుడు తెగుతుంది. సీసా గమ్ము పెడితే కాగితం తడిసి కొసలు జారతాయి, 20 లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. గ్లూ స్టిక్ ఉంటే ఆ బాధ లేదు.

పట్టీలు కోయడం ఇంట్లోనే చేసి తీసుకెళ్లండి. 42కి 8 అదనంగా 50 కాగితాలు. స్టీలు స్కేలు, కట్టర్, ఒకసారికి ఐదు కాగితాలు. పది పెడితే అడుగువి వంకర పోతాయి. బెంచీకొకటి చొప్పున అట్టతో 60 డిగ్రీల ముక్క కూడా కోసిపెట్టుకుంటే మడత దగ్గర సగం గొడవ తీరుతుంది.

ఎడమచేతి వాటం పిల్లలుంటే గమనించండి. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే బ్లేడ్లు దగ్గరికి రావు, దూరంగా పోతాయి. కాగితం తెగకుండా మడతపడుతుంది. అది వాళ్ల తప్పు కాదు.

మూడో బెంచీ:
ఎనిమిది మూలలది పారేయకండి, పక్కన పెట్టి చూపించండి. మంచు స్ఫటికాలకి ఆరే మూలలు ఎందుకు, ఐదో ఏడో ఎందుకు కావు అని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లో ఒక చిన్న పుస్తకమే రాసి, కొత్త సంవత్సరం కానుకగా మిత్రుడికిచ్చాడు. గుండ్రటి గోళాల్ని దగ్గరదగ్గరగా పేర్చడం దాకా ఆలోచించి, చివరికి తేల్చలేక రసాయన శాస్త్రం తెలిసినవాళ్లకి వదిలేశాడు. మంచులో నీటి అణువులు షడ్భుజాల అల్లికలా పేర్చుకోవడమే కారణమని ఇప్పుడు తెలుసు. కత్తెర కోసం ఎదురుచూసే జట్టుకి ఈ కబురు సరిపోతుంది.

ఎర్రసిరా:
పేపర్ల లెక్క నేను చెప్తాను. పేపరుకి ఆరు నిమిషాలనుకుంటే 42కి 252 నిమిషాలు. సెక్షన్‌కి రెండు రోజులు ఇస్తే రోజుకి రెండు గంటల చిల్లర, నాలుగు సెక్షన్లూ ఎనిమిది రోజుల్లో అయిపోతాయి. ఒక సెక్షన్ కట్ట మాత్రమే బల్ల మీద ఉండాలి, మిగతా మూడూ సంచీలోంచి బయటికి రాకూడదు.

పేపరు వెంట పేపరు దిద్దకండి. ప్రశ్న వెంట ప్రశ్న దిద్దండి. 42 పేపర్లలోనూ మొదటి ప్రశ్న అయ్యాకే రెండోది. కీ తలలో నిలిచిపోతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. పైగా మొదటి జవాబు అద్భుతంగా రాసినవాడికి నాలుగోదాంట్లో తెలియకుండానే అరమార్కు ఎక్కువ పడిపోవడం ఆగుతుంది. ప్రతి ప్రశ్నకీ కట్టని కలపండి, లేకపోతే ఎప్పుడూ అడుగున ఉండే పేపరు మీ అలసట బారిన పడుతుంది. పేరున్న పేజీని వెనక్కి మడిచి పెట్టుకోండి.

మొదలుపెట్టేముందు ఏవైనా పది పేపర్లు పెన్ను పట్టకుండా చదవండి. కీలో లేని సరైన జవాబులు అక్కడే బయటపడతాయి. ముప్పయ్యో పేపర్లో కనబడితే వెనక్కెళ్లి 29 తిరగెయ్యాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు వెనక పేజీ, అడిషనల్ షీట్ చూడకపోవడం. ప్రతి పేజీ అడుగున, ఖాళీ పేజీ అయినా సరే, ఒక టిక్కు పెట్టే అలవాటు చేసుకుంటే అది తప్పుతుంది. టోటల్ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. రిజిస్టర్‌లో ఎక్కించాక మొత్తం తేడా వస్తే ఆ తేడాని 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు. 63 బదులు 36 రాస్తే తేడా 27.

పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, పదేపదే కనిపించే తప్పుల్ని మాత్రం గీతలతో లెక్కపెట్టండి. సెలవుల తర్వాత మొదటి రోజు పాఠం ఆ కాగితమే.

మూడో బెంచీ:
ఎర్రసిరా గారు చెప్పిన పద్ధతి బాగుంది. ఒక్కటే తేడా. ఖాళీగా మిగిలే రెండు రోజులూ చివర్లో పెట్టుకుంటే ఏదో ఒక అడ్డంకి వచ్చి అవి కూడా దిద్దడానికే పోతాయి. ఒకటి మొదట్లోనే వాడేసుకుని, రెండోది రిజిస్టర్ ఎక్కించడానికి చివర ఉంచండి. ఇంకో మాట, పేపర్లు ఇచ్చేటప్పుడు మార్కులు వెంటనే చూపించకండి. మార్కు కనిపిస్తే పిల్లలు పక్కనున్న మాట చదవరు. విద్యా మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో కూడా వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు, మార్కుతో కలిపి ఇచ్చినవాళ్లలో ఆ ఫలితం కనబడలేదు.

సుద్దముక్క:
అందరికీ ధన్యవాదాలండీ. అట్టముక్కతో ఇప్పుడే మడిచి చూశాను, ఆరు మూలలూ సమానంగా వచ్చాయి. కానీ విప్పాక నక్షత్రం చదునుగా ఉండట్లేదు, ముడుచుకుపోతోంది. గోడకి టేపుతో అతికించొచ్చా?

మడతపేజీ:
టేపు వద్దు, తీసేటప్పుడు సున్నం ఊడొస్తుంది. రెండు కిటికీ ఊచల మధ్య దారం కట్టి పేపర్ క్లిప్పులతో తగిలించండి. ఫ్యాను రెక్కలకి దూరంగా, సెలవుల్లో గది మూసే ముందు విప్పేయాలి. ముడుచుకోవడానికి మందు: మడత గీతని వెనకవైపు నుంచి స్కేలు అంచుతో ఒకసారి రుద్ది, నాలుగు లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా ఉంచడం. క్లాసులో అంత వ్యవధి ఉండదు కాబట్టి పిల్లల్ని రిజిస్టర్ల కిందో సంచుల కిందో ఐదు నిమిషాలు పెట్టమనండి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె వాడితే ఆవిరి లేకుండా, తక్కువ వేడి మీద, పైన ఒక తెల్ల కాగితం వేసి.